తల తగ్గిన ఇల్లు

1వ రోజు

గోడ: పొడి. నీళ్ళు: రెండు కుండలు. తలలు: ఒకటి.

ఈ మూడు మాటలు రాస్తే చాలని కట్టుబాటు. ఇంట్లో తల పెరిగినా తగ్గినా గోడ పుస్తకం మళ్ళీ ఒకటో రోజు నుంచి మొదలుపెట్టాలి. ముత్యాలు పుట్టినప్పుడు ఒకటి వేశాను. దాని నాయన పోయినప్పుడు ఒకటి వేశాను. నిన్న ముత్యాలు పోయింది. ఈ రోజు మళ్ళీ వేశాను. పద్నాలుగేళ్ళ పిల్లను పూడ్చి వచ్చి కాళ్ళు కడుక్కున్న తడి ఆరకముందే అంకె వేయమని చెప్పినవాడు ఎవడోగాని, వాడి ఇంట్లో ఎప్పుడూ ఎవరూ చచ్చి ఉండరు.

నెలాఖరుకు గట్టు పెద్ద వన్నూరప్ప అన్ని ఇళ్ళ పుస్తకాలూ చూస్తాడు. ఆయన చూసేది పై మూడు మాటలే. కింద ఏం గీకినా పట్టించుకోడు. నేను చదివింది మూడో తరగతి. నా కోడిగీతలు విడదీసుకుని చదివే ఓపిక ఈ ఎర్రగట్టు మీద ఎవరికీ లేదు. అందుకే కింద రాసుకుంటున్నాను. నోటితో మాట్లాడాలంటే రోతగా ఉంది.

జ్వరం ఎనిమిది ఇళ్ళలోకి వచ్చింది. ఏడు ఇళ్ళలో గంజి తాగి లేచి కూర్చున్నారు.

పొద్దున్నుంచి ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. అందరిదీ ఒకటే మాట. "మట్టితల్లి దగ్గరికి పాయలే తిప్పక్కా." నేనెవర్ని మరి? ఆరు రోజులు తడిగుడ్డ మార్చింది ఏ తల్లి? అడగలేదు. అడిగితే దానికీ ఒక మాట చెబుతారు.

4వ రోజు

గోడ: పొడి. నీళ్ళు: రెండు కుండలు. తలలు: ఒకటి.

ఈ నెల మూడో వరుస మరుగుదొడ్లు నా వంతు. నిండిన డబ్బాలు తీసి, మీద బూడిద చల్లి, గట్టు కింద గుంతలో పోసి రావాలి. పదహారేళ్ళుగా చేస్తున్న పని. ఎప్పుడూ ముక్కు మూసుకోలేదు. ముత్యాలు చిన్నప్పుడు నా వెనకే చిన్న చెంబుతో బూడిద మోసేది.

ఈ రోజు వాంతి అయింది. డబ్బా దగ్గర కాదు, అన్నాల పాకలో. అందరం ఒకచోట తినే పాక అది. వన్నూరప్ప తింటూ మాట్లాడతాడు, అది ఆయన అలవాటు. "ఏదీ పోదు. అన్నీ తిరుగుతాయి. ఆకు పేడయితాది, పేడ మన్నయితాది, మన్ను గోడయితాది" అంటున్నాడు. గడ్డం మీద ఉలవచారు కారుతోంది. చుట్టూ ఉన్నవాళ్ళు తల ఊపుతున్నారు. లేచి బయటికి వచ్చి కక్కాను.

కరెంటు ఉన్న కాలంలో జనం ఎట్లా పాడైపోయారో కూడా చెప్పాడు. గట్టు మీద నుంచి చూస్తే కింద ఎండ నుంచి కరెంటు తీసిన అద్దాల పలకల పొలం కనిపిస్తుంది, ఊర్లకు ఊర్లు మింగిన పొలం. ఇప్పుడు పలకలన్నీ పగిలి పిచ్చికంప మొలిచింది. వాళ్ళంత దుర్మార్గులు లేరంటాడు. అయి ఉండొచ్చు. వాళ్ళ దగ్గర జ్వరానికి మందు మటుకు ఉండేదట.

12వ రోజు

గోడ: పొడి. నీళ్ళు: రెండు కుండలు. తలలు: ఒకటి.

తాడు తీసుకుని వచ్చారు.

వన్నూరప్ప ఒక కొస పట్టుకున్నాడు, రెండో కొస ఈరన్న. ఈరన్నకు మూడు వారాల కింద ఆడబిడ్డ పుట్టింది. వాడు నా ముఖం చూడలేదు, తాడు ముడులే చూస్తూ నిలబడ్డాడు.

"తలకు ఆరడుగులు, తిప్పక్కా," అన్నాడు వన్నూరప్ప. "ఇద్దరికి పన్నెండు, ఒకరికి ఆరు. ఈ లెక్క నేను పెట్టింది కాదు."

"నీకు ఎన్నడుగులప్పా?"

"మేము ఐదుగురం కదమ్మా. ముప్పై."

నవ్వుతూనే చెప్పాడు. పళ్ళ సందులో తమలపాకు ఇరుక్కుంది.

చిత్తకార్తె దాకా కాసే ఎండకు ఈ గట్టు మీద మట్టిగోడ లోపల ఉంటేనే మనిషి బతికేది. జిగటమన్ను ఇచ్చిన చెరువులో బండ తేలి ఇరవై ఏళ్ళయింది. గట్టు కింద నేలంతా లోతుబోర్ల నీళ్ళు పారించి పారించి ఉప్పు తేలిపోయింది. అందుకని ఉన్న మన్నే ఇల్లు మారుతూ తిరుగుతుంది. కొత్త తలకు పాత తల గోడ. ఇదంతా నాకు తెలుసు. ముత్యాలు నాయన పోయినప్పుడు నేనే దగ్గరుండి తాడు పట్టించాను, అన్నం కూడా పెట్టి పంపాను.

ముత్యాలు పడుకునే వైపు బొగ్గుతో గీత గీశారు. దాని తలగడ మీదుగా పోయింది గీత. ఆ వైపు గోడకు అది అద్దం పెంకులు గుచ్చి వరసలు తీర్చుకుంది. కాళ్ళ దగ్గర, నేలకు జానెడు ఎత్తున ఒక గుంట ఉంటుంది. నడక రాని రోజుల్లో అది గోడ నాకేది. ఎన్నిసార్లు వీపు మీద వేసినా మానలేదు. గోడ ఎంగిలి చేయకూడదని కట్టుబాటు. ఒక్క బయపన్న మామకే మన్ను నోట్లో పెట్టే హక్కు, మన్ను మంచిచెడ్డలు చెప్పేది ఆయన నాలుకే. ఎవరూ చూడకుండా ఆ గుంట మీద నేను పదిసార్లు మెత్తి ఉంటాను. మళ్ళీ నాకేది.

"ఇరవై ఒకటో నాడు తీస్తాం. రేపు హంపమ్మ వచ్చి అడుగుతాది. మంచిగా మాట్లాడు," అని చెప్పి పోయారు.

13వ రోజు

గోడ: పొడి. నీళ్ళు: ఒక కుండ. తలలు: ఒకటి.

హంపమ్మ, ఈరన్న పెళ్ళాం, బిడ్డను ఎత్తుకుని వచ్చింది. నానబెట్టిన పెసలు, బెల్లంముక్క ఆకులో పెట్టి గడప మీద ఉంచింది. ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో. పాలు కారి రవిక తడిసిపోయి ఉంది. ఆ వాసనకు ముఖం పక్కకు తిప్పుకున్నాను.

"అక్కా, మీ దగ్గర పెరిగిన మన్ను మా దగ్గర నిలబడనీ," అంది. నేర్చుకుని వచ్చిన మాట.

నేను "నిలబడనీ" అనాలి. అనలేదు.

"బిడ్డకు పేరు పెట్టినారా?" అన్నాను.

"గోడ లేయకుండా పేరు యాడ పెడ్తారక్కా. మీకు తెల్దా." ఆకు నా వైపు జరిపింది. "మీరు ఆ మాట అనల్ల."

"గొంతు నొప్పి."

"తల ఊపినా చాలంట. మా అత్త చెప్పింది."

"మెడ కూడా నొప్పే."

అది నా వైపు చూసింది. కోపమో భయమో తెలియలేదు. పెసలు అక్కడే వదిలేసి పోయింది. కోళ్ళకు వేశాను. బెల్లం నోట్లో వేసుకున్నాను, వెంటనే ఉమ్మేశాను.

పద్నాలుగేళ్ళ కింద ముత్యాలును ఎత్తుకుని నేనూ ఒక గడపకు పోయాను. ఆ ఇంట్లో ఏడేళ్ళ మగబిడ్డ పోయాడు. ఆ తల్లి "నిలబడనీ" అంది. ఆమె ముఖం ఎట్లా ఉందో నాకు గుర్తు లేదు. బెల్లంముక్క చిన్నదయిందేమో, ఏమనుకుంటారో అని దిగులుపడ్డాను. అది గుర్తుంది.

15వ రోజు

గోడ: పొడి. నీళ్ళు: ఒక కుండ. తలలు: ఒకటి.

"పొడి" అని రాశాను. అబద్ధం.

ఉప్పు తగిలిన మన్ను ఇంకో ఇంటికి పోకూడదు. గోడ పడగొట్టి నీళ్ళు పోసి తొక్కితే, ఒకచోట ఉన్న ఉప్పు మన్నంతా పాకుతుంది. అట్లాంటి గోడ మొదటి వానకే అడుగున పొడై రాలుతుంది. పోయిన ఏడు రెండో వరుసలో అట్లా ఒక గోడ పడి రెండు మేకలు చచ్చాయి. అందుకే ఉప్పు తగిలిన గోడను కదిలించకుండా ఉన్నచోటే వదిలేస్తారు. ఆ ఇంటివాళ్ళే తడి తగలకుండా చూసుకుంటూ దాని పక్కన బతకాలి.

నాకు కావలసింది అదే.

మిట్టమధ్యాహ్నం గట్టు మీద కుక్క కూడా తిరగదు. తడిగుడ్డ చుట్టుకుని మరుగుదొడ్డి డబ్బా పట్టుకుని కిందికి దిగాను. డబ్బా గుంతలో పోసి, ఇసుకతో తోమి, ఇంకో నాలుగడుగులు ముందుకు పోయాను. నేల మీద తెల్లటి పొర. చిప్పతో గీరి డబ్బా నింపాను. ఎదురుగా ఎవరొచ్చినా మరుగుదొడ్డి డబ్బాలోకి తొంగిచూడరు కదా. దారిలో ఒకామె కనబడి ముక్కు పక్కకు తిప్పుకుని పోయింది.

ఇంటికి వచ్చి నీళ్ళలో కలిపి, ముత్యాలు వైపు గోడ అడుగున పోశాను. గోడ తాగింది. ఒక కుండ నీళ్ళు దానికే పోయాయి. నేను తాగడానికి గ్లాసెడు మిగిలాయి.

18వ రోజు

గోడ: పొడి. నీళ్ళు: ఒక కుండ. తలలు: ఒకటి.

నాలుగు డబ్బాలయ్యాయి. గోడ అడుగున తెల్లగా పూత వస్తోంది. కంటికి కనబడకుండా పేడనీళ్ళతో అలికాను. చూసి కనిపెడితే అనుమానపడతారు, నాలుకకు తగిలితే ఎవరూ ఏమీ అనలేరు. బయపన్న మామ చెబితే అది చెప్పినట్టే.

ముత్యాలు ఉంటే ఈ పని చూసి ఏమనేదో. "ఏందిమా ఇది, గోడకు పులుసు పోస్తాండావా" అనేది. నవ్వేది కూడా.

నా చేతుల వాసన నాకే పడడం లేదు.

20వ రోజు

గోడ: పొడి. నీళ్ళు: రెండు కుండలు. తలలు: ఒకటి.

బయపన్న మామ వచ్చాడు. ఆయనకూ ఆ జ్వరం తగిలింది. బుగ్గలు లోపలికి పోయాయి. నోరు పుక్కిలించి, తూర్పుకు తిరిగి, గోడ అడుగున గోటితో గిల్లి నాలుక మీద పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. వాకిట్లో పదిమంది నిలబడి ఉన్నారు.

నేను సరిగ్గా నాలుగు డబ్బాలు పోసిన చోటే గిల్లాడు.

"తియ్యగుండాది," అన్నాడు.

నాకు అర్థం కాలేదు. "ఇంకోసారి చూడు మామా," అన్నాను.

"చూసినా కదమ్మా. బంగారం మాదిరి మన్ను. హంపమ్మ బిడ్డ అదృష్టం."

21వ రోజు

గోడ: సగం. నీళ్ళు: రెండు కుండలు. తలలు: ఒకటి.

గడ్డపారలతో మొదలుపెట్టారు. బోదకప్పు సగం దింపారు. అద్దం పెంకులు ఒక్కొక్కటి పీకి గంపలో వేసి, "ఇవి దాచుకో అక్కా" అని నా చేతికి ఇచ్చారు. ఇరవై మూడు. ఏం చేసుకోను వాటిని.

గోడ పడేటప్పుడు పాడాలట. పాడారు. గొంతెత్తి పాడినవాళ్ళలో ముత్యాలుతో గుజ్జనగూళ్ళు ఆడిన పిల్లలు కూడా ఉన్నారు. నా ముందు పాడాల్సి వచ్చిందని వాళ్ళకు సిగ్గు వేసిందేమో, ఇంకా గట్టిగా పాడారు.

తెగిన చోట తడిక కట్టి పేడ మెత్తారు. ఇప్పుడు నా ఇల్లు ఆరడుగులు. కాళ్ళు చాపితే తడిక తగులుతుంది. తడికకు అవతల గాలి.

గంపలు ఈరన్న ఇంటికి పోతుంటే వెనకాల చూస్తూ నిలబడ్డాను. ఎవరో నా భుజం నిమిరారు. ఆ చేయి తోసేశాను.

22వ రోజు

గోడ: సగం. నీళ్ళు: రెండు కుండలు. తలలు: ఒకటి.

బయపన్న మామను గంజి తాగడానికి పిలిచాను. ఆయన గిన్నెలో కింద నుంచి తెచ్చిన తెల్లపొడి గుప్పెడు కలిపాను. నేను ఒక చుక్క నాలుకకు తగిలించుకుంటే నోరు మంట పుట్టి ఉమ్మేశాను. ఆయన సగం గిన్నె తాగాడు.

"ఎట్లుంది మామా?"

"చాలా బాగుంది తల్లీ. నీ చేతి గంజి ఎప్పుడూ బాగుంటాది."

గిన్నె లాక్కున్నాను. ఆయన నా ముఖం చూశాడు, గిన్నె చూశాడు. అర్థమైపోయింది. నోరు తుడుచుకుంటూ తడిక వైపు తిరిగాడు.

"నోరు సచ్చిపోయిందమ్మా," అన్నాడు. "జొరం పోతా పోతా నాలుక తీసకపాయ. కారం ల్యా, పులుపు ల్యా. మన్నూ అంతే, అన్నమూ అంతే."

"మరి మొన్న బంగారమన్నావే."

"నలభై ఏండ్లు నాకినా కదమ్మా. రంగు చూస్తే తెలుస్తాది, పెళుసు చూస్తే తెలుస్తాది. నీ గోడ నాకు తెల్దా? నువ్వు పెళ్ళయి వచ్చిననాటినుంచి చూస్తాండా. నాలుక పోయిన ముసలోనికి ఈడ ఏం పని చెప్పు. డబ్బాలు మోసే సత్తువ కూడా ల్యా."

ఎవరికైనా చెప్తావా అని అడిగాడు. నేను చెబితే, గోడలో ఏముందో ఎందుకుందో కూడా చెప్పాలి. మన్ను చెడగొట్టినవాళ్ళకు గట్టు మీద చోటు లేదు. కింద ఎండలోకి పంపేస్తారు. చెప్పను అన్నాను. గంజి పారబోశాను. ఒకే గిన్నె దగ్గర ఇద్దరు దొంగలం.

ఆయన పోయాక గిన్నె బూడిదతో తోమాను.

24వ రోజు

గోడ: సగం. నీళ్ళు: రెండు కుండలు. తలలు: ఒకటి.

మన్ను తొక్కడానికి ఇంటికొకరు రావాలని కబురు. పోకపోతే అడుగుతారు. పోయాను.

మన్ను గుంతలో దిగాను. ఆరుగురం ఆడవాళ్ళం. గడ్డి వేశారు, నీళ్ళు పోశారు. అడుగు వేయగానే పగిలిన మడమల్లో చురుక్కుమంది. ఎందుకో నాకు తెలుసు. నా పక్కనామె కాలు ఎత్తి చూసుకుంది.

"ఏందోమ్మా, మంట పుడ్తాంది."

"కొత్తగడ్డి కదా, గుచ్చుకుంటాది," అంది ఇంకొకామె.

కాళ్ళ కింద నా బిడ్డ గోడ మెత్తగా జారుతోంది. చెట్టుకు కట్టిన ఉయ్యాలలో పేరు లేని పిల్ల ఏడుస్తోంది. హంపమ్మ మధ్యమధ్యలో పోయి ఊపి వస్తోంది. నా పక్కకు వచ్చినప్పుడు, "మీరు ఆ మాట అనకపోయినా వచ్చినారు. చాలక్కా," అంది.

నా మీద నాకు పుట్టిన రోత మాటల్లో రాయడం రాదు నాకు. మరుగుదొడ్డి డబ్బాలో పడినది కూడా కొన్నాళ్ళకు మంచి ఎరువవుతుంది. నేను ఏమవుతాను?

29వ రోజు

గోడ: సగం. నీళ్ళు: రెండు కుండలు. తలలు: ఒకటి.

మృగశిర వచ్చింది. పడమట మబ్బు లేచింది. ఈరన్న ఇంటి గోడ తల ఎత్తుకు వచ్చింది. రేపు వాసాలు ఎత్తుతారట. మబ్బు చూసి అందరూ సంతోషంగా ఉన్నారు. నేను నిన్నంతా చాప మీద కూర్చుని ఆ మబ్బునే చూశాను. ఈ రోజు పొద్దున లేచి పోయాను.

"వాసాలు ఎత్తొద్దండి," అన్నాను. "ఆ మన్నులో ఉప్పుంది. నేనే పోసినా. నాలుగు డబ్బాలు."

అందరూ చేతులు ఆపారు. వన్నూరప్ప నిచ్చెన దిగి వచ్చాడు. అరుస్తాడనుకున్నాను. నా తల మీద చేయి పెట్టాడు.

"కూసో తిప్పక్కా. ఎవురన్నా మజ్జిగ తెండమ్మా."

"మజ్జిగ వద్దు. ఉప్పుంది గోడలో."

"బయపన్న చూసినాడు కదమ్మా."

"మళ్ళా చూడమను."

బయపన్న మామను పిలిచారు. ఆయన వచ్చి నన్ను చూశాడు. నేనూ చూశాను. ఇప్పుడైనా చెప్పు మామా అని కళ్ళతోనే బతిమాలాను. గోడ గిల్లి నోట్లో పెట్టుకున్నాడు. చెంపల మీద నీళ్ళు కారాయి. అయినా అన్నాడు.

"తియ్యగానే ఉండాది."

"పాపం, బిడ్డ పోయి మతి చెడింది," అన్నారెవరో. ఒకామె నా వీపు నిమిరింది. ఒకామె ముక్కు చీదింది. వన్నూరప్ప, "మన్ను ఎవురి మీదా కోపం పెట్టుకోదు తల్లీ," అన్నాడు. ఆ దయ చూసి నాకు పుట్టినంత అసహ్యం ఈ ఇరవై తొమ్మిది రోజుల్లో ఎప్పుడూ పుట్టలేదు. నేను చేసిన పాపం కూడా నన్ను చేయనివ్వరు వీళ్ళు.

వాళ్ళను తోసుకుని హంపమ్మ దగ్గరికి పోయాను. బిడ్డ ఆమె చంకలో ఉంది.

"నువ్వు చూడు."

"నేనా? మన్ను నోట్లో పెడ్తే ఎంగిలి కదక్కా."

"ఆ గోడ పక్కన పండుకునేది ఎవురు? వన్నూరప్పనా? నా బిడ్డ నడక రాకముందు ఆ గోడ నాకి నాకి గుంట పెట్టింది. దాచిపెట్టినా నేను. పద్నాలుగేండ్లు ఎర్రగట్టుకు ఏమీ కాల. చూడు."

"హంపమ్మా, వద్దు," అన్నాడు వన్నూరప్ప. ఆయన గొంతు పెంచడం అదే మొదటిసారి.

హంపమ్మ బిడ్డను ఈరన్న చేతికి ఇచ్చింది. గోడ దగ్గరికి పోయి చిటికెడు గిల్లింది. కొంచెంసేపు చేతిలోనే పెట్టుకుంది. నోట్లో వేసుకుంది. ముఖం ముడుచుకుపోయింది. ఉమ్మింది. రెండడుగులు పక్కకు పోయి ఇంకోచోట గిల్లి వేసుకుంది. మళ్ళీ ఉమ్మింది. కొంగుతో నాలుక తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చి చెంప మీద కొట్టింది. చెవిలో గుయ్‌మంది.

"నీ బిడ్డ పాయనని నా బిడ్డ మింద గోడ పడల్లా?" అంది.

ముత్యాలు పోయిన తర్వాత ఈ గట్టు మీద నాతో నిజంగా మాట్లాడిన మనిషి ఇది ఒక్కతే.

తర్వాత ఈరన్న చూశాడు. తర్వాత వాడి తల్లి. అప్పుడిక ఒకరిని చూసి ఒకరు గోడ దగ్గరికి వచ్చారు. నలభై మంది ఉమ్ములతో వాకిలి నిండింది. వన్నూరప్ప మాత్రం చూడలేదు. బయపన్న మామ కింద కూలబడి రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

గోడను నేనే పడగొట్టాను. ఎవరూ గడ్డపార ఇవ్వలేదు. పచ్చిగానే ఉంది కాబట్టి చేతులకు వచ్చింది.

31వ రోజు

గోడ: సగం. నీళ్ళు: మూడు కుండలు, వాన. తలలు: ఒకటి.

పెద్దలు కూర్చున్నారు. కిందికి పంపాలని కొందరు అన్నారు. "ఈమెను పంపితే ఆ మన్ను ఎవురు కడుగుతారు, మీ అమ్మనా?" అని ఈరన్న తల్లి అడిగింది. దాంతో ఆగింది. ఉప్పు పోయేదాకా ఆ మన్ను నేను ఒక్కదాన్నే కడగాలి. వాననీళ్ళు గుంతలో పట్టి, తొక్కి, తేరనిచ్చి, పై నీళ్ళు గట్టు కిందికి వదలాలి. మళ్ళీ పట్టాలి. అప్పటిదాకా, కొత్త గోడ కోసం ఇల్లు విప్పుకున్న హంపమ్మ వాళ్ళు అన్నాల పాకలో ఒక మూల పడుకుంటారు.

తన నాలుక పోయిందని బయపన్న మామ తానే లేచి చెప్పాడు. జ్వరం తర్వాత ఆయన మంచిదన్న ఇంకో రెండు గోడలు మళ్ళీ చూశారు. అవి బాగానే ఉన్నాయి. చూసింది హంపమ్మ. ముందు ఉమ్మింది ఆమే కాబట్టి ఇక మన్ను చూడడం ఆమె పనేనని అందరూ అన్నారు. ఆమె వద్దనీ అనలేదు, సంతోషపడనూ లేదు.

36వ రోజు

గోడ: సగం. నీళ్ళు: మూడు కుండలు. తలలు: ఒకటి.

నాలుగో నీళ్ళు వదిలాను. మోకాలి లోతు బురద. కాళ్ళ వేళ్ళ సందులు చెడి వాసన వస్తున్నాయి. గడ్డి కుళ్ళింది. ఈగలు.

హంపమ్మ రోజూ మధ్యాహ్నం వస్తుంది. గుంత గట్టున గొంతుక్కూర్చుని, నేను తీసి ఇచ్చిన ముద్ద నుంచి చిటికెడు నోట్లో వేసుకుంటుంది. నా కాళ్ళ దగ్గరే ఉమ్ముతుంది. "ఇంకా," అని లేచి పోతుంది. బిడ్డను తీసుకురాదు.

బయపన్న మామ ఈ రోజు వచ్చి గట్టున కూర్చున్నాడు. పై నీళ్ళు వంచడానికి కాలువ తీశాడు. "ఆ పొద్దు గంజి చాలా ఉప్పుండెనా?" అని అడిగాడు.

"చచ్చేంత."

"అయినా తాగినా చూడు," అన్నాడు.

41వ రోజు

గోడ: సగం. నీళ్ళు: మూడు కుండలు. తలలు: ఒకటి.

ఎనిమిదో నీళ్ళు మొన్న వదిలాను. నిన్న ఎవరూ లేనప్పుడు ముద్ద తీసి నేనే నోట్లో వేసుకున్నాను. ఉప్పు లేదు. మన్ను రుచే. ముత్యాలు పాకే రోజుల్లో దాని నోరు తుడిచిన వేలికి అంటుకునే రుచి. ఎంతసేపు నోట్లోనే పెట్టుకున్నానో తెలియదు. మింగేశాను.

నిన్న హంపమ్మ వచ్చి చూసింది. "ఇంకా," అంది. మళ్ళీ తొక్కాను.

ఈ రోజూ వచ్చింది. ముద్ద ఇచ్చాను. నోట్లో వేసుకుంది. ఉమ్మలేదు. నమిలి, మింగి, మూతి తుడుచుకుంది. నేను గుంతలో నిలబడి తలెత్తి చూస్తున్నాను. ఆమె కూడా నన్ను చూసింది. ఉప్పు పోయిందని ఆమెకు తెలుసు. నాకు తెలుసునని కూడా తెలుసు.

"ఇంకో నీళ్ళు పట్టి తొక్కు," అంది.

లేచి పోయింది. నేను నీళ్ళు పట్టి తొక్కాను. సాయంత్రం వాన నిలిచినా గుంత ఎక్కి రాకుండా తొక్కాను.